సిల్వర్ డేట్ పామ్ అంటే మన ఈత చెట్టేనా? నర్సరీ పేర్లకీ అసలు జాతులకీ మధ్య తికమక

విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఎక్కడ కొత్త వెంచర్ వేసినా ముందు ఆర్చి కడతారు, తర్వాత గేటుకి అటూ ఇటూ పామ్ చెట్లు దింపుతారు. మంగళగిరి వైపు వెళ్ళినా, గొల్లపూడి వైపు వెళ్ళినా, గుంటూరు ఇన్నర్ రింగ్ రోడ్డు మీద తిరిగినా ఇదే సీను. అపార్ట్‌మెంట్లు, కల్యాణ మండపాలు, హైవే పక్క హోటళ్ళు, అందరికీ ఖర్జూరం చెట్టులాంటిదే కావాలి. ఇంతకీ ఆ దింపింది ఏ చెట్టు అంటే మాత్రం ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్తారు. ఒక నర్సరీలో డేట్ పామ్ అంటారు, పక్క నర్సరీలో అదే సిల్వర్ డేట్ పామ్ అవుతుంది, ఇంకోచోట అరేబియన్ పామ్, రేటు కాస్త పెంచాలంటే కానరీ పామ్. దారిన పోయే పెద్దాయన మాత్రం ఒక చూపు చూసి "ఇది ఈత చెట్టు కదరా" అనేసి వెళ్ళిపోతాడు.

చాలాసార్లు ఆ పెద్దాయన మాటే కరెక్టు. కానీ ప్రతిసారీ కాదు, అక్కడే ఉంది చిక్కంతా.

క్లుప్తంగా

అలంకరణకి వాడే ఈ ఖర్జూరంలాంటి చెట్లన్నీ ఫీనిక్స్ అనే ఒకే ప్రజాతికి చెందినవి, అందులో జాతులు 14 దాకా ఉన్నాయి, మన దగ్గర అమ్మకంలో తరచుగా కనపడేవి మాత్రం నాలుగే: ఈత, ఖర్జూరం, కానరీ ఖర్జూరం, కుండీల్లో పెట్టే పొట్టి ఖర్జూరం. ఆకు రంగు, కత్తిరించిన షేపు, లేబుల్ మీద పేరు, ఈ మూడింటినీ నమ్మి జాతి చెప్పడం కుదరదు. మాను లావు, మొదట్లో పిలకలు, మట్టకి రెండు పక్కలా ఉండే చిన్నాకులు అమరిన తీరు, కాయ, గింజ, ఇవన్నీ కలిపి చూస్తేనే తేలుతుంది, అప్పుడు కూడా రెండు జాతులు కలిసి పుట్టిన హైబ్రిడ్ అయితే తేలకపోవచ్చు.

పేర్ల గొడవ ఎక్కడ మొదలైంది

తెలుగులో అసలు ఈ సమస్య లేదు. ఈత వేరు, ఖర్జూరం వేరు. ఈత డొంకల పక్కన, వాగుల వెంట, చెరువు గట్ల మీద ఎవరూ నాటకుండానే మొలిచేది, దాని ఆకుతో చాపలు, బుట్టలు, చీపుర్లు, మాను నుంచి కల్లు, ఎండాకాలం చివర్లో పిల్లలకి ఈతపళ్ళు. ఈతకోట, ఈతముక్కల అని ఊరి పేర్లలో కూడా ఈత కనపడుతుంది. ఖర్జూరం అంటే మనకి కిరాణా కొట్లో కొనుక్కునే పండు, చెట్టు ఎక్కడో ఎడారిలో ఉంటుందని తెలుసు అంతే.

హిందీలో ఇంత స్పష్టంగా ఉండదు. ఖజూర్ అంటే తోటలో పెంచేదీ అదే, అడవిదీ అదే, మరీ అవసరమైతే ముందు జంగ్లీ అని తగిలిస్తారు. బెంగాల్‌కి వెళ్తే ఖెజూర్ చెట్టు అంటే ముఖ్యంగా మన ఈతే, చలికాలంలో వాళ్ళు అంత ఇష్టంగా తినే నొలెన్ గుడ్ బెల్లం ఈత నీరా కాచి చేసేదే. అందుకని సరుకు హిందీ మాటతో చేతులు మారినప్పుడు ఖజూర్ కాస్తా ఇంగ్లీషులో డేట్ పామ్ అయిపోతుంది, డేట్ పామ్ తెలుగులోకొచ్చేసరికి ఖర్జూరం అయిపోతుంది, మధ్యలో ఈత అనే మాట ఎక్కడో జారిపోతుంది.

రెండో దారి ఇంకా పెద్దది. అమెరికాలో ఫ్లోరిడా లాంటి చోట్ల ఈత చెట్టుని రోడ్ల పక్కన, హోటళ్ళ ముందు బాగా వాడతారు, అక్కడ దాన్ని సిల్వర్ డేట్ పామ్ అంటారు, సిల్వెస్టర్ పామ్ అని కూడా అంటారు. శాస్త్రీయ నామం ఫీనిక్స్ సిల్వెస్ట్రిస్ కదా, దాన్నుంచి వచ్చింది ఆ సిల్వెస్టర్. సిల్వెస్ట్రిస్ అంటే లాటిన్‌లో అడవిది అనే అర్థం. ఇంటర్నెట్‌లో లాండ్‌స్కేపింగ్ ఫోటోలు వెతికితే అక్కడి తోటలే ముందు వస్తాయి, ఆర్కిటెక్టు డ్రాయింగ్‌లో ఆ పేరే రాస్తాడు, నర్సరీవాళ్ళు ఆ పేరుకే సప్లై చేస్తారు. అంటే మన దేశపు చెట్టు ఫారిన్ వెళ్ళి పేరు మార్చుకుని మన గేటు ముందుకే వచ్చిందన్నమాట.

సైన్సులో కూడా మొదట్లో ఒక్క మాట మీద లేరు. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లినేయస్ ఖర్జూరానికి ఫీనిక్స్ డాక్టిలిఫెరా అని పేరు పెట్టి, ఈతని మాత్రం ఎలాటె అనే వేరే ప్రజాతిలో పెట్టాడు. ఈత కూడా ఫీనిక్సే అని దాన్ని ఇటు తెచ్చింది విలియం రాక్స్‌బర్గ్, సామర్లకోటలో ఏళ్ళ తరబడి ఉండి మన కోస్తా మొక్కల్ని వర్ణించి బొమ్మలు గీయించిన ఆయన. ఆయన చనిపోయాక 1832లో అచ్చయిన పుస్తకంలో ఆ మార్పు ఉంది. ఇప్పుడు వాడుకలో ఉన్న వర్గీకరణకి ఆధారం 1998లో సాషా బారో ఈ ప్రజాతి మొత్తం మీద చేసిన అధ్యయనం, అందులో 13 జాతుల్ని గుర్తించారు, తర్వాత చేర్పులతో కలిపి లెక్క 14 దాకా వచ్చింది. వీటిలో సగం దాకా మన దేశంలో సహజంగా పెరిగేవే. ఖర్జూరం అనగానే అరేబియా గుర్తొస్తుంది గానీ ఈ కుటుంబంలో చాలామంది ఇటువైపువాళ్ళే.

ముందు ఫీనిక్స్ అవునా కాదా

జాతి సంగతి తర్వాత, అసలు చెట్టు ఈ ప్రజాతిదేనా అనేది తేల్చడం తేలిక. ఒక మట్ట పట్టుకుని రెండు చోట్ల చూస్తే చాలు. మొదటిది, చిన్నాకు కాడకి అతుక్కున్న చోట దాని మడత. ఫీనిక్స్‌లో ఆ మడత పైకి తెరుచుకుని గాడిలా ఉంటుంది, వాన పడితే నీళ్ళు నిలిచేటట్టు. కొబ్బరిలో దీనికి తిరగబడి, ఇంటి కప్పులా కిందికి వాలి ఉంటుంది. రెండోది, మట్ట మొదట్లో చిన్నాకులు ఉండాల్సిన చోట ముళ్ళు. ఇవి గులాబీ ముల్లులాగా బెరడు మీద లేచినవి కావు, చిన్నాకులే గట్టిపడి సూదుల్లా మారినవి, అందుకే మొదటి నుంచి పైకి పోతుంటే ముల్లు మెల్లగా ఆకుగా మారడం ఒకే మట్ట మీద వరసగా కనపడుతుంది.

గాడిలాంటి మడత జీలుగు చెట్టుకి కూడా ఉంటుంది, కానీ దాని ఆకు చివర చేప తోకలా చీలిపోయి ఉంటుంది కాబట్టి పొరపాటు పడే అవకాశం తక్కువ. ఇక్కడ చాలామందికి వింతగా అనిపించే విషయం ఒకటుంది. మట్ట చూస్తే ఈత కొబ్బరికి దగ్గర అనిపిస్తుంది, నిజానికి అది తాటికి దగ్గర చుట్టం. ఈతా తాడీ ఒకే ఉపకుటుంబంలో ఉన్నాయి, కొబ్బరి, పోక వేరే ఉపకుటుంబం. ఆకు విసనకర్రలా ఉందా ఈకలా ఉందా అనేది చుట్టరికానికి గ్యారంటీ కాదు.

గేటు ముందు పెట్టే రాయల్ పామ్, బాటిల్ పామ్, ఫాక్స్‌టైల్ పామ్, ఇవేవీ ఫీనిక్స్ కావు. వీటిలో మాను పైన మట్టల మొదళ్ళు చుట్టుకుని ఆకుపచ్చ గొట్టంలా నున్నగా కనపడుతుంది, ఫీనిక్స్‌కి ఆ గొట్టమే ఉండదు. సైకాస్ అయితే అసలు పామే కాదు, పూలు పూసే మొక్కల్లోకే రాదు. శేషాచలం కొండల్లో దొరికే మన సొంత సైకాస్‌ని పేరీత అంటారు, పేరులో ఈత ఉన్నా చుట్టరికం ఏమీ లేదు.

ఈత, ఖర్జూరం, కానరీ: ముగ్గురూ ఒకే వరసలో నిలబడితే

అసలు తికమక ఈ మూడింటి దగ్గరే. మూడూ పెద్ద చెట్లు, మూడింటికీ మాను మీద మట్టలు రాలిన గుర్తులు డైమండ్ ఆకారంలో ఉంటాయి, మూడింటికీ ముళ్ళు. పైగా అమ్మేముందు మట్ట మొదళ్ళు చెక్కి నున్నగా చేసి, తల కింద పైనాపిల్ ఆకారం వచ్చేలా కత్తిరిస్తారు. ఈ షేపు కానరీకి ప్రసిద్ధి, కానీ కత్తి పట్టుకున్నవాడికి చేతనైతే ఈతకీ వస్తుంది ఖర్జూరానికీ వస్తుంది. కాబట్టి షేపు చూసి పేరు చెప్పడం కటింగ్ చూసి మనిషి ఊరు చెప్పినట్టే ఉంటుంది.

మాను లావు దగ్గర మొదలుపెట్టాలి. వేప, రావి లాంటి చెట్లకి బెరడు కింద ఏటేటా కొత్త కలప చేర్చే పొర ఉంటుంది, అందుకే అవి లావెక్కుతూ పోతాయి. పామ్‌లకి అలాంటి పొర లేదు. మొక్క చిన్నప్పుడే నేల దగ్గర మొవ్వు వెడల్పు అవుతుంది, ఆ తర్వాతే పైకి లేస్తుంది, లేచాక మాను వెడల్పు దాదాపు అంతే. ఈ మెకానిజం గుర్తింపుకి బాగా పనికొస్తుంది. పది అడుగులు మాను లేచిన చెట్టు సన్నగా ఉంటే అది ఇంకో పదేళ్ళకి కానరీలాగా లావవుతుందని ఎవరు చెప్పినా కుదరని పని. కానరీ మాను అర మీటరు దాటి ముప్పావు మీటరు దాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువ ఉంటుంది, స్తంభం లాగా. ఈత, ఖర్జూరం మట్ట మొదళ్ళు తీసేస్తే దాదాపు అందులో సగం. మధ్యలో మాను ఒకచోట సన్నబడి మళ్ళీ లావయితే అది జాతి లక్షణం కాదు, ఆ ఎత్తులో మొవ్వు ఉన్న కాలంలో నీళ్ళో పోషకాలో కరువయ్యాయని గుర్తు.

తర్వాత మొదలు చూడాలి. ఖర్జూరం నేల దగ్గర పిలకలు వేస్తుంది, తోటల్లో కోరుకున్న రకాన్ని పెంచేది ఆ పిలకలు తీసి నాటే. ఈత, కానరీ ఒంటి మాను చెట్లు, పిలకలు వెయ్యవు. అయితే పెద్దయిన ఖర్జూరం పిలకలు ఆపేస్తుంది, నర్సరీవాళ్ళు ఉన్నవి కోసేస్తారు, కాబట్టి పిలక ఉంటే ఖర్జూరం వైపు బలమైన సాక్ష్యం, లేకపోతే ఏమీ తేలనట్టే. మొదట్లో చిన్న చిన్న వేళ్ళు గుత్తిగా బయటకి పొడుచుకుని ఉండటం ఈతకీ ఉంటుంది కానరీకీ ఉంటుంది, దాంతో రెండిటినీ విడదియ్యలేం.

మట్ట విషయానికొస్తే ఒక మీటరు దూరం నుంచి, చేతిలోకి తీసుకుని, రెండు విధాలా చూడాలి. ఈత మట్టలో చిన్నాకులు గుంపులు గుంపులుగా వచ్చి ఒకటి పైకి ఒకటి పక్కకి ఒకటి కిందికి తిరిగి ఉంటాయి, అందుకే మట్ట మొత్తం చెదిరిన ఈకలాగా ఒత్తుగా కనపడుతుంది. ఖర్జూరంలో కూడా గుంపులు ఉంటాయి గానీ చిన్నాకులు బాగా బిరుసుగా, ఎడం ఎడంగా నిలబడతాయి, తల మొత్తం కొంచెం పల్చగా ఉండి మట్టల మధ్యనుంచి ఆకాశం కనపడుతుంది. కానరీలో చిన్నాకులు ఒత్తుగా ఉన్నా వరస తప్పవు, నిగనిగలాడే ముదురు ఆకుపచ్చ, మట్టలు అయిదు ఆరు మీటర్ల దాకా పెరుగుతాయి, తలలో వందకి పైనే మట్టలుండి పెద్ద బంతిలాగా ఉంటుంది. ఈత మట్ట మూడు నాలుగు మీటర్లు, తల గుండ్రంగా కానీ సైజు చిన్నది.

రంగు గురించి ఒక హెచ్చరిక అవసరం. ఈతకీ ఖర్జూరానికీ ఆకు మీద మైనంలాంటి పూత వల్ల బూడిద నీలం ఛాయ వస్తుంది, సిల్వర్ అనే పేరు అందుకే. కానీ ఆ పూత చెట్టుని బట్టి, మట్ట వయసుని బట్టి మారుతుంది, నీడలో పెంచిన నర్సరీ మొక్క మరీ పచ్చగా ఉంటుంది, పొటాషియం తక్కువైతే ముసలి మట్టల మీద పసుపు నారింజ చుక్కలు వస్తాయి. నీలంగా ఉంది కాబట్టి అరేబియా ఖర్జూరం అనేది చాలామంది చేసే పొరపాటు.

కాయ దొరికితే సగం పని అయిపోయినట్టే. ఖర్జూరం నాలుగు నుంచి ఏడు సెంటీమీటర్ల పొడవు, కండ ఎక్కువ. డాక్టిలిఫెరా అంటేనే వేళ్ళలాంటి కాయలు కాసేది అని. ఈతపండు రెండు మూడు సెంటీమీటర్లు, పసుపు నారింజలోనుంచి ముదురు ఎరుపులోకి మారుతుంది, గింజ మీద పల్చటి కండ, తిన్నవాళ్ళకి ఆ వగరు తీపి తెలుసు. కానరీ కాయ కూడా ఆ సైజే, కండ ఇంకా తక్కువ, ఎవరూ పనిగట్టుకుని తినరు. గింజకి ఒక పక్క పొడుగునా గాడి ఉండటం అన్నిటికీ ఉంది, కానీ పెంపకపు ఖర్జూరం గింజ సన్నగా పొడుగ్గా, అడవి జాతుల గింజ పొట్టిగా గుండ్రంగా ఉంటుంది. పాత తవ్వకాల్లో దొరికిన గింజలు అడవివా పెంచినవా అని పురావస్తువాళ్ళు చూసేది కూడా ఈ ఆకారాన్నే.

ఇవన్నీ పక్కనపెట్టి మన ప్రాంతంలో ఒక గుర్తు ఉంది, ఏ ఫారిన్ పుస్తకం చూడక్కర్లేదు. తాటి కల్లు పూత గెల కోసి తీస్తారు, ఈత కల్లు అలా కాదు, తల కింద మాను మీదే చెక్కి గీస్తారు. ఒక ఏడాది ఒకవైపు గీస్తే తర్వాతి ఏడు దానికి ఎదురువైపు, అలా చెట్టు పెరిగేకొద్దీ అటొక గాటు ఇటొక గాటు పడి మాను వంకరటింకరగా మెట్లు మెట్లుగా తయారవుతుంది. పామ్‌కి లావెక్కే పొర లేదని పైన చెప్పుకున్నాం కదా, అదే కారణం వల్ల గాయం పూడదు, ఒకసారి పడ్డ గాటు చెట్టు బతికినంతకాలం ఉంటుంది. మాను మీద గీత గాట్లుంటే లేబుల్ మీద ఏం రాసినా అది ఈతే.

కుండీల్లో వచ్చే పొట్టివి, మన ఇసుక నేలల పొట్టివి

ఆఫీసు లాబీల్లో, బాల్కనీల్లో కనపడే పొట్టి ఖర్జూరం ఫీనిక్స్ రోబెలెనీ. లావోస్, ఉత్తర వియత్నాం, చైనాలోని యునాన్ వైపు నదుల ఒడ్డున పెరిగేది. రోబెలెన్ అనే ఆర్కిడ్ల సేకర్త పేరు మీద 1889లో దీనికి ఆ పేరు పెట్టారు. మాను రెండు మూడు మీటర్లు దాటదు, మట్ట మీటరు మీటరున్నర, చిన్నాకులు మెత్తగా ఒకే తలంలో రెండు పక్కలా చక్కగా పరిచినట్టు ఉంటాయి, రాలిన మట్టల మొదళ్ళు మాను మీద చిన్న మేకుల్లా మిగిలిపోతాయి. మూడు మొక్కలు ఒకే కుండీలో నాటి అమ్ముతారు కాబట్టి గుబురుగా కనపడుతుంది. దీన్ని గుర్తుపట్టడంలో పెద్ద తికమక లేదు, ఒక్క పొరపాటు ఏంటంటే చిన్న ఈత మొక్కని ఇదే అనుకుని కొనడం. ఈత ఆకు చిన్నప్పుడే బిరుసు, చేత్తో నిమిరితే తేడా తెలిసిపోతుంది.

పొట్టి జాతులు మనకీ ఉన్నాయి గానీ నర్సరీల దృష్టికి పెద్దగా రావు. తూర్పు కనుమల్లో పెరిగే ఫీనిక్స్ లౌరేరీని కొండ ఈత అంటారు. సముద్రానికి కాస్త ఇవతల ఇసుక నేలల్లో పొదల్లా పెరిగే ఫీనిక్స్ పుసిల్లా చిట్టీత. చాలాచోట్ల ఈ రెండు పేర్లూ అటూ ఇటూ మారిపోతుంటాయి, చీపుర్లు కట్టేవాళ్ళకి రెండూ పనికొస్తాయి కాబట్టి వాళ్ళకి ఆ తేడాతో పని లేదు. చిట్టీతని రాక్స్‌బర్గ్ కోరంగి దగ్గర చూసి 1796లో ఫీనిక్స్ ఫారినిఫెరా అని వర్ణించాడు, పిండి ఇచ్చేది అని అర్థం, కరువు రోజుల్లో దాని మాను లోపలి పిండిని జనం తినేవాళ్ళు. కానీ అదే మొక్కకి 1788లోనే గేర్ట్‌నర్ అనే జర్మన్ వృక్షశాస్త్రవేత్త పుసిల్లా అని పేరు పెట్టేశాడు. రెండు పేర్లుంటే ముందు పెట్టిందే చెల్లుతుందనేది వృక్షశాస్త్రంలో రూలు, కాబట్టి పిండి పేరు పోయింది, పుసిల్లా మిగిలింది.

గుంపుగా, మాన్లు పక్కలకి వాలి పెరిగేది ఆఫ్రికా జాతి ఫీనిక్స్ రెక్లినాటా, పెద్ద తోటలున్న చోట అరుదుగా కనపడుతుంది. డార్జిలింగ్, సిక్కిం వైపు కొండ చరియల మీద పెరిగే ఫీనిక్స్ రూపికోలా మెత్తటి వాలు ఆకులతో చాలా అందంగా ఉంటుంది కానీ మన ఎండకి పెట్టే చెట్టు కాదు.

పోలికలు చెయ్యి ఎత్తేసే చోటు

ఇంతవరకూ చెప్పినవి శుద్ధమైన జాతులకి. ఫీనిక్స్ జాతులు ఒకదానితో ఒకటి తేలిగ్గా కలుస్తాయి, క్రోమోజోముల సంఖ్య మామూలుగా 36 కాబట్టి పుట్టే మొక్కలు కూడా మామూలుగా పెరిగి కాయలు కాస్తాయి. పైగా ఈ ప్రజాతిలో పోతు చెట్టు వేరు, ఆడ చెట్టు వేరు. ఆడ చెట్టుకి పుప్పొడి ఎప్పుడూ బయటి నుంచే రావాలి, గాలికి పురుగులకి ఏ జాతి పుప్పొడి తేవాలో తెలీదు కదా. అడవిలో ఒక్కో జాతి ఒక్కో ప్రాంతంలో ఉంటుంది కాబట్టి కలిసే అవకాశం తక్కువ. తోటలో ఈత పక్కన ఖర్జూరం, దాని పక్కన కానరీ పెట్టినప్పుడు ఆ అడ్డు తొలగిపోతుంది, ఆ గింజలు ఏరి నారు పోస్తే తల్లి ఎవరో తెలుస్తుంది గానీ తండ్రి ఎవరో చెప్పేవాళ్ళుండరు.

ఇలాంటి చెట్టు మాను ఒక జాతిలా, మట్ట ఇంకో జాతిలా ఉంటుంది. అలాంటప్పుడు ఏదో ఒక పేరు బలవంతాన తగిలించడం కన్నా ఫీనిక్స్ హైబ్రిడ్ అని రాసుకోవడమే నిజాయితీ. డీఎన్ఏ పరీక్షతో తేల్చొచ్చు, కానీ గేటు ముందు చెట్టు కోసం అంత దూరం ఎవరూ వెళ్ళరు. ఖర్జూరం చరిత్రలో కూడా ఈ కలయిక ఉంది, ఉత్తర ఆఫ్రికా ఖర్జూరాల జన్యువుల్లో క్రీట్ ద్వీపపు అడవి జాతి ఫీనిక్స్ థియోఫ్రాస్టీ వాటా ఉందని జన్యు పరిశోధనల్లో బయటపడింది. వేల ఏళ్ళుగా మనిషి పెంచుతున్న చెట్టులోనే జాతుల మధ్య గీత అంత స్పష్టంగా లేనప్పుడు నర్సరీ నారులో ఉంటుందని ఆశించలేం.

వయసు కూడా ఒక అడ్డు. గింజ మొలిచాక మొదటి కొన్ని ఆకులు ఏ జాతికైనా చీలిక లేని బద్దల్లాగా గడ్డి పోచలాగా ఉంటాయి, ఆ దశలో ఎవరైనా జాతి చెప్పారంటే గింజ ఎక్కడినుంచి తెచ్చారో తెలిసి చెప్పాలి, లేదా ఊహించి చెప్పాలి. చీలిన మట్టలు వచ్చాక పొట్టి జాతిని పెద్ద జాతుల నుంచి విడదియ్యొచ్చు. ఈత, ఖర్జూరం, కానరీ తేడా నమ్మకంగా చెప్పాలంటే మాను లేవాలి. పోతా ఆడా అనేది పూత వచ్చేదాకా చూసి చెప్పే మార్గమే లేదు.

తప్పు పేరు వల్ల ఎవరికి ఏమవుతుంది

ఈత గింజ ఇచ్చి తాటి గింజ లాగాడని సామెత. ఇక్కడ ఈత చెట్టు ఇచ్చి ఖర్జూరం రేటు లాగడం జరుగుతోంది, తెలిసి కావచ్చు, తెలియక కావచ్చు. అందం వరకే అయితే నష్టం డబ్బు దగ్గరే ఆగుతుంది, ఎందుకంటే ఈత కూడా చూడ్డానికి ఏం తక్కువ కాదు, పైగా ఇక్కడి ఎండకి, వానకి, తుఫానుకి అలవాటుపడ్డ చెట్టు. కానరీ విషయంలో సంగతి వేరు. దాని సొంత ఊరు ఆఫ్రికాకి పడమర పక్కనున్న స్పెయిన్ దీవులు, అక్కడ వాతావరణం మెత్తన. మే నెలలో విజయవాడ ఎండ, ఆ వెంటనే ఉక్క, గుంటూరు వైపు నల్లరేగడిలో వానాకాలం నిలిచే నీళ్ళు, ఇవేవీ దానికి అలవాటైనవి కావు.

పళ్ళ ఆశతో ఖర్జూరం కొనేవాళ్ళకి ఇంకో లెక్క ఉంది. కొన్నది నిజంగా ఖర్జూరమే అయినా అది ఆడ చెట్టు కావాలి, దగ్గర్లో పోతు చెట్టు ఉండాలి లేదా పుప్పొడి తెచ్చి చేత్తో అద్దాలి. అంతా సరిగ్గా జరిగి గెలలు వేసినా కాయ పండే టైముకి జూన్, జూలై వానలు పడతాయి, తడికి పండు చెట్టు మీదే పులిసి పగిలిపోతుంది. గుజరాత్‌లోని కచ్‌లో కూడా ఇదే ఇబ్బంది, అందుకే అక్కడ పూర్తిగా పండనివ్వకుండా రంగు తిరిగిన గట్టి కాయగానే కోసి అమ్ముతారు. బర్హీ లాంటి రకాలు ఆ దశలోనే తియ్యగా ఉంటాయి కాబట్టి పొడి నేలలున్న అనంతపురం వైపు రైతులు టిష్యూ కల్చర్ మొక్కలు పెడుతున్నారు. కృష్ణా ఒడ్డున గేటెడ్ కమ్యూనిటీలో అదే ఫలితం ఆశించడం కష్టం.

పురుగు లెక్క కూడా జాతిని బట్టి మారుతుంది. కొబ్బరి రైతులకి బాగా తెలిసిన ఎర్రముక్కు పురుగు పుట్టింది దక్షిణాసియా, ఆగ్నేయాసియా వైపే. దిగుమతి చేసుకున్న చెట్లతో 1990ల్లో స్పెయిన్ చేరి మధ్యధరా దేశాలంతా పాకి కానరీ చెట్లని తోటలకి తోటలే చంపేసింది, కానరీ అంటే దానికి అంత ఇష్టం. ఇక్కడ ఈత, ఖర్జూరం, కొబ్బరి దేన్నీ వదలదు. తాజా గాయం వాసనకి వస్తుంది కాబట్టి అప్పుడే మట్టలు నరికి చెక్కి నాటిన చెట్టు దానికి పిలిచి భోజనం పెట్టినట్టే. మాను మీద గోధుమరంగు జిగురు కారడం, నమిలిన పీచు బయటకి రావడం, పులిసిన వాసన, ఇవి కనపడేసరికి లోపల చాలావరకు తినేసి ఉంటుంది. చుట్టుపక్కల కొబ్బరి తోటలుంటే ఆ పురుగు అక్కడికీ పోతుంది.

ముళ్ళ విషయం పిల్లలు ఆడుకునే చోట పట్టించుకోవాలి. ఫీనిక్స్ ముల్లు కీలు దగ్గర గుచ్చుకుని ముక్క లోపలే విరిగితే బయట గాయం మానిపోయినా కీలు వారాల తరబడి వాచి ఉంటుంది, ఎక్స్‌రేలో కనపడదు కాబట్టి కారణం వెంటనే దొరకదు. పొట్టి ఖర్జూరం మెత్తగా కనపడుతుంది గానీ దానికి కూడా మట్ట మొదట్లో సన్నటి ముళ్ళున్నాయి.

డొంక నుంచి గేటు దాకా

కడియం లాంటి నర్సరీ కేంద్రాల్లో గింజ నుంచి పెంచిన మొక్కలు దొరుకుతాయి, కానీ మాను లేచిన పెద్ద చెట్టు వెంటనే కావాలంటే ఎక్కడో పెరిగిన చెట్టుని తవ్వి తేవాల్సిందే. పామ్‌లకి తల్లివేరు ఉండదు, మాను మొదట్లోనుంచి ఒకే సైజు వేళ్ళు గుత్తిగా వస్తూనే ఉంటాయి, అందుకే పెద్ద చెట్టుని కూడా మట్టి ముద్దతో లేపి మొవ్వు చుట్టూ మట్టలు కట్టేసి ఇంకోచోట నాటితే బతుకుతుంది. మామిడికో వేపకో ఇది అంత తేలిక కాదు. ఈత లాండ్‌స్కేపింగ్ సరుకు అవ్వడానికి అందం ఎంత కారణమో ఈ వేళ్ళ స్వభావం కూడా అంతే కారణం.

చెట్టు కదిలితే దాంతోపాటు ఇంకొన్ని కదులుతాయి. ఈత గీయడం ఎక్సైజ్ లైసెన్సు మీద నడిచే వృత్తి, గింజ వేసిన చెట్టు గీతకి రావడానికి ఏళ్ళు పడుతుంది, కాబట్టి గట్టు మీద చెట్టు ఒకసారి అమ్ముడుపోతే ఆ లోటు అంత త్వరగా పూడదు. గట్టు యజమానికి ఒకేసారి డబ్బు వస్తుంది, గీసేవాళ్ళకి, చాపలు అల్లేవాళ్ళకి ఏటేటా వచ్చేది పోతుంది. వెంచర్ వాళ్ళ ఫైల్‌లో సిల్వర్ డేట్ పామ్ అని రాసి ఉన్నంతకాలం ఈ లెక్క ఎక్కడా ఈత పేరుతో నమోదు కాదు.

గీత గాట్లున్న చెట్టుని ఆ వైపు గోడకి తిప్పి నాటితే ముందు నుంచి చూసేవాళ్ళకి కనపడవు. గాట్లు రెండు ఎదురుబొదురు పక్కల పడతాయి కాబట్టి రెండోవైపు దాచడం కష్టం, చెట్టు చుట్టూ ఒకసారి తిరిగితే చాలు.